పాత డీజిల్ జీపు ఆగిపోతోందా? పంపు విప్పేముందు ట్యాంకు చూడండి

పాత మహీంద్రా డీజిల్ జీపు ఘాట్‌లో దమ్ము వదిలేసినా, దారిలో ఆగిపోయినా ముందుగా వినిపించే మాట "పంపు పోయింది" అని. వాళ్లనేది సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు పీడనంతో డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు గురించి. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. శుభ్రమైన డీజిల్ అందితే ఆ పంపు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎక్కువసార్లు గొడవంతా డీజిల్ పంపు దాకా రాకపోవడంలోనే ఉంటుంది. కాబట్టి ట్యాంకు దగ్గర మొదలుపెట్టి నాజిల్ వైపు వెతకండి. పంపు షాపు సంగతి చివర్లో చూసుకోవచ్చు.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

సెల్ఫ్ కొట్టించి సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండటం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్‌లు (స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడిచేసేవి), కంప్రెషన్, టైమింగ్ చూడాలి. పొగ జాడే లేకపోతే డీజిల్ వెళ్లడం లేదన్నమాట.

అప్పుడు మొదట చూడాల్సింది స్టాప్ కేబుల్, అంటే ఇంజన్ ఆపడానికి డ్రైవర్ లాగే తీగ. తుప్పుపట్టిన కేబుల్ సగంలో ఇరుక్కుంటే, డ్రైవర్ లోపలికి నొక్కినా పంపు మీది లివర్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోతుంది. లివర్‌ను చేత్తో ఆఫ్ నుంచి వెనక్కి నెట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. స్టార్ట్ అయితే కేబుల్‌కు ఆయిల్ పోయండి, లేదా మార్చేయండి.

పొద్దున మొరాయిస్తుంది, స్టార్ట్ అయ్యాక బాగుంటుంది

రాత్రి లైనులోకి గాలి చేరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోంది. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) మీది హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టండి. మెత్తగా దిగిపోతూ, కొన్ని దెబ్బల తర్వాత గట్టిపడి, ఆపైన బండి వెంటనే అందుకుంటే అనుమానం తీరినట్టే.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. "ఎక్కడా లీకు లేదు, కింద చుక్క కూడా పడలేదు" అంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను లాక్కునే వైపు. అక్కడ సందు ఉంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కంటికి తడి కనిపించదు. ఫీడ్ పంపు తర్వాత, ఫిల్టరుకు ముందు జానెడు పారదర్శక డీజిల్ పైపు తాత్కాలికంగా పెట్టి ఇంజన్ నడపండి. బుడగలు వరుసగా పోతుంటే వెనకాల ఎక్కడో గాలి పడుతోంది.

గాలి పట్టే చోట్లు కొన్నే. క్లిప్పు కింద పగిలిన రబ్బరు పైపు, సరిగా బిగించని హ్యాండ్ ప్రైమర్, బ్యాంజో బోల్టుల (పైపును బిగించే, లోపల డీజిల్ పారే బోలు బోల్టులు) దగ్గరి రాగి వాషర్లు. పాత వాషర్ నొక్కుకుని గట్టిపడిపోతుంది, ఎంత బిగించినా పట్టదు. కొత్తది దొరక్కపోతే, బండికి దూరంగా పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చండి. రాగి మళ్లీ మెత్తబడుతుంది. మసి తుడిచి వేస్తే పట్టుకుంటుంది.

సందు మూశాక ఎయిర్ తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండుగా డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టి, డీజిల్ వస్తుండగానే బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా అంతే. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. ఆ పీడనం వంద బార్లు దాటుతుంది, చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. చెయ్యీ మొహమూ దూరంగా ఉంచండి. ఒకవేళ దూరితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాసేపు నడిచి ఆగుతుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది

ఈ లక్షణం ట్యాంకుది. లోపల రాలిన తుప్పు పెచ్చులు లాగుడికి వచ్చి పైపు మొదట్లోని జాలికి అతుక్కుంటాయి. ఇంజన్ ఆగగానే మళ్లీ కిందికి జారిపోతాయి. ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పి చూడండి. "ఫుస్స్" మని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది, శుభ్రం చేస్తే చాలు. శబ్దం లేకపోతే ట్యాంకు దించి కడగాల్సిందే.

తేల్చుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. ఐదు లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, అందులోంచి ఫీడ్ పంపుకు కొత్త పైపు పెట్టి బండి నడపండి. బాగా నడిస్తే తప్పు ట్యాంకుదో పాత లైనుదో. క్యానును బానెట్ మీద పెట్టకండి. డీజిల్ దానంతటదే కిందికి దిగి, బలహీనమైన ఫీడ్ పంపును కూడా కప్పిపుచ్చుతుంది. ట్యాంకు ఎత్తులోనే ఉంచండి.

సమతలంలో బాగుంటుంది, ఎక్కుడులో దమ్ము లేదు

బొర్రా నుంచి కటికి జలపాతానికి వెళ్లే జీపు దారి లాంటి చోట్ల ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంటే, వాలుకి అదంతా ఒక పక్కకు చేరి పైపు మూతి గాలిలో తేలుతుంది. సగం ట్యాంకు నింపి అదే ఎక్కుడు ఎక్కించండి. తేడా రాకపోతే ఫిల్టర్లు చూడండి. జంట ఫిల్టర్ల బండిలో ముందు గుడ్డ ఫిల్టరు, తర్వాత పేపరు ఫిల్టరు ఉంటాయి. పేపరుదాన్ని కడిగి మళ్లీ వేయకండి, మార్చేయండి. ఫిల్టరు గిన్నెలో అడుగున నీళ్లు కనిపిస్తే ట్యాంకు అడుగు బోల్టు విప్పి, నీళ్లు పోయి డీజిల్ వచ్చేదాకా వదలండి.

ఫిల్టర్లు కొత్తవైనా దమ్ము రాకపోతే ఫీడ్ పంపు వాల్వులు, స్ప్రింగులు మార్చాలి. ఇంజన్ పక్కన బిగించే డయాఫ్రం (లోపలి పలుచటి పొర) రకం ఫీడ్ పంపు ఉంటే డిప్‌స్టిక్ కూడా చూడండి. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే డయాఫ్రం చిరిగింది. ఆ ఆయిల్‌తో బండి నడపకూడదు.

నల్లపొగతో దమ్ము తగ్గితే డీజిల్ అందుతూనే ఉంది. ఎయిర్ క్లీనర్ విప్పండి.

ఒక సిలిండర్ మిస్ కొడుతోంది

ఐడిల్‌లో ఒక్కో నాజిల్ నట్టు మీద గుడ్డ కప్పి, పానాతో కొద్దిగా వదులు చేసి చప్పుడు వినండి. ఇంజన్ తడబడితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ నట్టు వదులు చేస్తే తేడా రాదో ఆ నాజిల్‌ను టెస్టింగ్‌కు ఇవ్వండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా బండి కదలకపోతే అప్పుడు పంపు విప్పండి. విప్పేముందు పంపు ఫ్లాంజి (ఇంజన్‌కు బిగించే అంచు) మీద, ఇంజన్ మీద కలిసేలా ఉలితో ఒక గీత పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు పంపు కోణం ఆ గీతను బట్టే కుదురుతుంది.