నామినీ కాలమ్‌లో ‘భార్య’ అని రాసే ముందు

జీవిత బీమా పాలసీలో నామినీ, అంటే మీ తర్వాత డబ్బు అందుకునే మనిషి, అన్న చోట వట్టి ‘భార్య’ అని రాసి వదిలేయకండి. ఆధార్‌లో ఉన్నట్టే పూర్తి పేరు, పుట్టిన తేదీ రాయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే దాని రుజువు పాలసీ కాగితాలతోనే ఉంచండి.

పెళ్లికి ముందు కట్టిన పాలసీలు బయటికి తీయండి. వాటిలో అమ్మ పేరో నాన్న పేరో ఉంటుంది, పెళ్లయినంత మాత్రాన అది మారదు. విడాకులైనా అంతే, మీరు తీయించేదాకా పాత పేరు రికార్డులో అలాగే ఉంటుంది. ఏజెంటు ‘అయిపోయింది సార్’ అంటే సరిపోదు. మార్పు నమోదైనట్టు కంపెనీ నుంచి కాగితం తీసుకోండి.

అసలు టెన్షన్ రెండో పెళ్లి దగ్గరే. మొదటి భార్య బతికుండగా, విడాకులు తీసుకోకుండా చేసుకున్న పెళ్లి 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. అలాంటి ఇంట్లో క్లెయిం సాఫీగా వస్తుందనుకోవడం అత్యాశే. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015 సవరణ తర్వాత బీమా చట్టం 39వ సెక్షన్, నామినీ భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల్లో ఎవరైనా అయితే సొమ్ము వాళ్లకే చెందుతుందంటోంది. అయినా వారసులు కోర్టుకెక్కుతూనే ఉన్నారు. అందుకే వీలునామా రాస్తే అందులోనూ అదే పేరు ఉండేలా చూసుకోండి.

వ్యాపారంలో అప్పులున్న భర్తలు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ ఇమ్మని ప్రపోజల్ ఫారం నింపేటప్పుడే అడగాలి. ఆ సొమ్ము మామూలుగా అప్పులవాళ్ల చేతికి చిక్కదు. కాకపోతే తర్వాత మనసు మారినా పేరు మార్చలేరు.

పాలసీ మీద లోన్ ఉంటే ముందు ఆ బాకీ తీరాకే మిగిలింది భార్యకు వస్తుంది. బాకీ ఎంతుందో ఇంట్లో చెప్పి ఉంచండి.