దూరం నుంచి సర్వర్లను నడిపేందుకు పరికరాల ఎంపిక

తిరుపతిలో కూర్చుని చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోని సర్వర్‌ను చూసుకునేవారికి, సర్వర్ సజావుగా నడుస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. తోతాపురి కాయ దిగే రోజుల్లో వేబ్రిడ్జి దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా తూకం బిల్లులు వేసే సర్వర్ బూటింగ్ మధ్యలో ఆగిపోతే, ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడిన రిమోట్ డెస్క్‌టాప్, ఎస్‌ఎస్‌హెచ్ వంటివేవీ అక్కరకు రావు. ఎఫ్1 నొక్కమని తెర అడుగుతుంటే, ఆ ఒక్క మీట కోసం సుమారు 70 కిలోమీటర్లు వెళ్లవలసి వస్తుంది. కాబట్టి ఏ పరికరం కొన్నా, సర్వర్ పూర్తిగా పడిపోయినప్పుడు కూడా అది పలుకుతుందా అన్నదే మొదట చూడాలి.

కొత్త సర్వర్ కొంటున్నవారు అందులో బీఎంసీ (బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్) ఉందో లేదో తెలుసుకోవాలి. ఇది మదర్‌బోర్డు మీదే ఉండే వేరొక చిన్న కంప్యూటర్. సర్వర్ ఆపి ఉన్నా, ప్లగ్‌లో కరెంటు ఉంటే చాలు, స్టాండ్‌బై విద్యుత్తుతో నడుస్తూ తెరను చూపుతుంది, మీటలు పంపుతుంది, సర్వర్‌ను ఆన్ చేస్తుంది. డెల్ దీనిని ఐడ్రాక్ అనీ, హెచ్‌పీఈ ఐఎల్‌ఓ అనీ, లెనోవో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ అనీ పిలుస్తాయి. అయితే పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. డెల్‌లో తెరను దూరం నుంచి చూడడానికి సాధారణంగా ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు కావాలి; హెచ్‌పీఈలో అడ్వాన్స్‌డ్ లైసెన్సు లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ లేచాక కన్సోల్ (దూరం నుంచి తెరను చూపే సదుపాయం) పనిచేయదు. కొటేషన్‌లో ఈ లైసెన్సు విడిగా కనిపించకపోతే అది లేదనే అనుకోవాలి. లైసెన్సు లేని కొత్త యంత్రం కంటే, లైసెన్సుతో వచ్చే ఒక తరం పాత రీఫర్బిష్డ్ సర్వరే నయమని నా అభిప్రాయం. మరీ పాతవి మాత్రం వద్దు; వాటి కన్సోల్ జావా ఉంటే తప్ప తెరుచుకోదు, ఇప్పటి బ్రౌజర్లు ఆ జావాను నడపవు.

బీఎంసీ లేని మామూలు డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా వాడుతున్న చోట తెరను, కీబోర్డును నెట్‌వర్క్ మీదుగా అందించే కేవీఎం ఓవర్ ఐపీ పరికరం పెట్టుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే పైకేవీఎం ఇందుకు బాగా పనికొస్తుంది. ఇది హెచ్‌డీఎంఐ ద్వారా తెరను అందుకుని, యూఎస్‌బీ ద్వారా కీబోర్డులా ప్రవర్తిస్తుంది. పవర్ బటన్ పిన్నులకు కలిపే ఏటీఎక్స్ బోర్డు కూడా దానితోపాటు కొనాలి; లేకపోతే తెర కనిపిస్తుంది గానీ, బిగుసుకుపోయిన యంత్రాన్ని ఆపే దారి ఉండదు.

నెట్‌వర్క్ విషయంలో, ఫైబర్ తెగినా అందేలా ఒక 4జీ రౌటర్ ఉండాలి, అందులోని సిమ్ ఫైబర్ ఇచ్చే సంస్థది కాకుండా వేరొకరిదై ఉండాలి. మొబైల్ కనెక్షన్లకు సాధారణంగా పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ రాదు కనుక బయటి నుంచి నేరుగా దానిని చేరలేము. రౌటరే తనంతట తాను మీ వీపీఎన్‌కు (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే మీ సొంత రహస్య దారికి) కలవాలి. అందుకే వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌ను నడపగల రౌటర్‌ను ఎంచుకోవాలి. మైక్రోటిక్ రౌటర్లలో వాటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన రౌటర్‌ఓఎస్ 7 నుంచి ఈ సదుపాయం ఉంది.

ఎక్కువ ఇక్కట్లు వచ్చేది కరెంటు దగ్గరే. యూపీఎస్‌కు యూఎస్‌బీ పోర్టు గానీ, తన స్థితిని నెట్‌వర్క్ మీదుగా చెప్పే ఎస్‌ఎన్‌ఎంపీ కార్డు గానీ ఉండాలి; అప్పుడే నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్యాటరీ అడుగంటుతున్నదని గమనించి సర్వర్‌ను సక్రమంగా ఆపగలుగుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. సర్వర్ ఆగిన తరువాత, యూపీఎస్ ఇంకా చావకముందే కరెంటు తిరిగి వచ్చిందనుకోండి; సర్వర్ దృష్టిలో కరెంటు అసలు పోనే లేదు, కాబట్టి అది తిరిగి లేవదు. దీనికి మందుగా బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్‌లో), కరెంటు వచ్చినప్పుడు ఎప్పుడూ ఆన్ కావాలన్న సెట్టింగు పెట్టి, సర్వర్ ఆగాక యూపీఎస్ తన అవుట్‌పుట్‌ను కాసేపు కత్తిరించేలా నట్‌లో అమర్చాలి. ఈ ఆదేశాన్ని పాటించే మోడలా కాదా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక, కరెంటు రాగానే బటన్ నొక్కకుండానే లేచే యూపీఎస్‌నే తీసుకోవాలి. దుకాణంలోనే ప్లగ్ పీకి చూపించమనడంలో మొహమాటం అక్కరలేదు. సీల్డ్ లెడ్ బ్యాటరీలకు 25 డిగ్రీలు దాటిన వేడి పడదు కనుక, మన ఎండలకు రేకుల షెడ్డులో పెట్టినది త్వరగా పోతుంది. రౌటర్‌కు, బీఎంసీని కలిపిన నెట్‌వర్క్ స్విచ్‌కు విడిగా చిన్న యూపీఎస్ ఇవ్వాలి.

అప్పుడప్పుడు బీఎంసీ కూడా బిగుసుకుపోతుంది. అప్పుడు ప్లగ్‌నే ఆపి వేయగల స్విచ్డ్ పీడీయూ (దూరం నుంచి నడపగల ప్లగ్‌ల పట్టీ) కావాలి. మీటర్డ్ అని అమ్మేది విద్యుత్తు వాడకాన్ని చూపుతుందే గానీ, దేనినీ ఆపదు.

బీఎంసీకి వేరే పోర్టు ఉన్న మోడల్ కొని, దానిని ఇంటర్నెట్‌కు తెరవకుండా వీపీఎన్ వెనుకే ఉంచాలి. యూజర్ పేరు తెలిసిన ఎవరికైనా పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌ను ఊహించి సరిచూసుకునేందుకు పనికొచ్చే దాని సంకేత రూపాన్ని) అప్పగించే లోపం, బీఎంసీతో మాట్లాడే పాత పద్ధతి అయిన ఐపీఎంఐ 2.0 ప్రమాణంలోనే ఉంది కనుక, దాని బదులు వచ్చిన కొత్త పద్ధతి రెడ్‌ఫిష్ ఉన్న చోట ఐపీఎంఐని ఆపివేయడం మేలు. బీఎంసీలను నడిపే, ఏఎంఐ సంస్థ మెగారాక్ ఫర్మ్‌వేర్‌లో (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) బయటపడిన ఒక లోపాన్ని, దాడుల్లో వాడుతున్నవాటి జాబితాలో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2025 జూన్‌లో చేర్చింది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన మోడల్ ఎంత చౌకగా వచ్చినా వద్దనాలి.

అన్నీ బిగించాక, కాయల సీజన్ మొదలుకాకముందే, ఫైబర్ తీసివేసి, సర్వర్ నుంచి బూట్ డిస్కు బయటకు లాగి, మీ ఫోన్ హాట్‌స్పాట్ మీదుగా తిరుపతి నుంచి బయాస్ తెర వస్తుందో లేదో చూడాలి. ఆ పరీక్ష నెగ్గే వరకు బిల్లులో చివరి వాయిదా చెల్లించకూడదు.