ఒకే లోడర్ బకెట్‌తో మట్టి, వడ్లు, పెంట: బిగించి విప్పుకునే భాగాలు చేయించుకునే విధానం

వరంగల్, జనగామ వైపు ట్రాక్టర్‌కు ముందు లోడర్ పెట్టించుకున్న రైతుకు ఏడాదిలో మూడు రకాల పని తప్పదు: ఎండాకాలంలో చెరువు పూడిక మట్టి, కోతలయ్యాక కల్లంలో వడ్ల కుప్ప, దుక్కికి ముందు పెంట. నోరు తెరిచి మూసే నాలుగు పనుల బకెట్‌ను మన 45-50 హెచ్‌పీ ట్రాక్టర్లకు నేను సిఫారసు చేయను. దానికి అదనపు జాకీలు, మరో హైడ్రాలిక్ లైను కావాలి. పైగా లోడర్ ఎత్తగలిగే బరువులో చాలా భాగం ఖాళీ బకెట్‌కే పోతుంది. ఉన్న మట్టి బకెట్‌కే బోల్టులతో బిగించే భాగాలు చేయించుకోవడం మేలు.

ముందుగా బరువు లెక్క చూసుకోవాలి. 0.3 ఘనపు మీటర్ల బకెట్ నిండా తడి మట్టి సుమారు అర టన్ను తూగుతుంది. అదే బకెట్‌లో వడ్లు 180 కిలోలకు అటూ ఇటూ మాత్రమే పడతాయి. కాబట్టి వెనుక గోడకు, పక్క గోడలకు పలకలు పెంచి బకెట్‌ను రెట్టింపు చేసినా వడ్ల బరువు మట్టి బరువును చేరదు. పెంపుకు 3 మిల్లీమీటర్ల రేకు చాలు: 6 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు 47 కిలోలు ఉంటే, ఇది అందులో సగమే. మట్టి పనికి వెళ్లే ముందు మాత్రం ఈ పలకలను తప్పక విప్పాలి; అవి ఉండగా మట్టి నింపితే టన్ను బరువు ముందు ఇరుసు మీద పడుతుంది.

పెంటకు, పత్తి కట్టెకు బకెట్ అంచుకు 6 అంగుళాల ఎడంతో పళ్లున్న పట్టీని బోల్టులతో బిగిస్తే సరిపోతుంది. పళ్లకు పాత లారీ కమాను పట్టీలు వాడేటప్పుడు వాటిని వెల్డింగ్ చేయించవద్దు. కాక తగిలిన చోట ఆ ఉక్కు పెళుసుబారి, అతుకు పక్కనే విరుగుతుంది.

బకెట్ కోత అంచు కూడా గట్టి ఉక్కే అయినందున, దానికి వెల్డింగ్ చేయించాల్సి వస్తే 7018 అనే తక్కువ హైడ్రోజన్ వెల్డింగ్ రాడ్‌నే వాడించాలి, పలకను ముందు వేడి చేయించాలి. వానాకాలంలో విప్పి పెట్టిన రాడ్లు చెమ్మ పీల్చుకుంటాయి. అలాంటి రాడ్లతో నేను ఒకసారి అంచు అతికించుకున్నాను. చూపుకు నున్నగా ఉన్న ఆ అతుకు అంచున, మొదటి పది ట్రిప్పులలోనే వెంట్రుకంత గీత కనిపించింది, మర్నాటికి అంచు ఊడింది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పి, లోడర్ కీళ్లలోని పిన్నుల, బుష్‌ల గుండా కరెంటు పోకుండా ఎర్త్ క్లాంపును పని జరిగే ముక్కకే తగిలించాలి.

బరువెత్తిన కొద్దీ వెనుక చక్రాలు తేలికవుతాయి. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకు వెనుక చక్రాలకే ఉంటుంది గనుక, అవి తేలితే బ్రేకు కూడా పట్టదు. అందువల్ల వెనుక లింకేజీకి కాంక్రీటు దిమ్మె తగిలించి, బకెట్‌ను నేలకు జానెడు ఎత్తులోనే ఉంచి నడపాలి.

కొత్త భాగంతో సగం బరువే ఎత్తి మొదలుపెట్టాలి. తర్వాత బకెట్ నేల మీద దించి, ఇంజన్ ఆపి, ప్రతి బోల్టునూ మరోసారి బిగించి, అతుకుల వెంట మట్టి తుడిచి గీతలున్నాయేమో చూడాలి. హోస్ పైపు కారుతున్నదేమోనని చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. సన్నగా చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోగలదు.