రక్తంలో ఎస్ట్రాడయాల్‌ను సరిగా కొలిపించుకోవడం

చీటీ మీద ఈస్ట్రోజన్ అని రాసినా, ల్యాబులో సాధారణంగా కొలిచేది ఆ కుటుంబంలో ప్రధానమైన ఎస్ట్రాడయాల్‌నే. పరగడుపున వెళ్లనక్కరలేదు గానీ, తేదీ మాత్రం చాలా ముఖ్యం. అండాశయాల స్థితి తెలుసుకోవాలంటే నెలసరి మొదలైన రెండో రోజో మూడో రోజో రక్తం ఇవ్వాలి. ఎందుకంటే అప్పుడు మిల్లీలీటరుకు కొన్ని పదుల పికోగ్రాములే ఉండే ఈ హార్మోను, అండం విడుదలకు ముందు 200 దాటడం మామూలే. నెలసరి తేదీ రాయని చీటీతో వచ్చిన ఫలితం, నా దృష్టిలో, సగం ఫలితమే.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. కొన్ని ఇమ్యునోఎస్సే (యాంటీబాడీల సాయంతో హార్మోనును కొలిచే) యంత్రాలలో అది ఎస్ట్రాడయాల్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది.

నరం నుంచి తీసిన రక్తాన్ని పసుపు మూత జెల్ ట్యూబులో పోసి, నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేసి, గడ్డకట్టేందుకు అరగంట నిలబెట్టి, ఆపైన సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, జెల్ పొరపై పరీక్షకు వాడే లేత పసుపు ద్రవం, అంటే సీరం, తేరుకుంటుంది.

పురుషులు, పిల్లలు, ముట్లుడిగిన స్త్రీలలో ఈ హార్మోను అత్యల్పం కనుక వారికి మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను వాటి బరువును బట్టి గుర్తించి కొలిచే) పద్ధతే నమ్మదగినది. రిపోర్టులో పికోమోల్స్ ఉంటే 3.67తో భాగించాలి: 147 అంటే సుమారు 40 పికోగ్రాములు.