నది ఒప్పందం చదవాలంటే ముందు ఏ నెలో చూడండి

వంశధార నది నీళ్ళు ఒడిశాకీ మన ఆంధ్రాకీ చెరి సగం అని 1962లోనే అనుకున్నారు, ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది, ఆ రోజు నేను పేపర్ చదివి వినిపిస్తే శివారు ఆయకట్టులో పొలం ఉన్న మా చిన్నాన్న ఒకటే అడిగాడు, "సగం సరేరా, ఏ నెల్లో సగం?" అని. దేశాల మధ్య ఒప్పందాలు చదవడానికి కూడా ఆ ప్రశ్నతోనే మొదలెట్టండి. వానాకాలం సగం ఎవడికి కావాలి, గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తేసి వదిలేసేదే కదా.

1996లో భారత్, బంగ్లాదేశ్ చేసుకున్న గంగా ఒప్పందం తీసుకోండి. మాటలన్నీ వదిలేసి పట్టిక దగ్గరకి పొండి. జనవరి 1 నుంచి మే 31 వరకే లెక్క, ఫరక్కా దగ్గర కొలుస్తారు, పదేసి రోజులకో సగటు. 70 వేల క్యూసెక్కులు, అంతకంటే తక్కువ వస్తే చెరి సగం. 70 నుంచి 75 వేల మధ్యలో వస్తే బంగ్లాదేశ్‌కి 35 వేలు, మిగిలింది మనకి. 75 వేలు దాటితే మనం 40 వేలు ఉంచుకుని మిగతాది వదలాలి. ఒక కాగితం మీద 72 వేలు అని రాసుకుని మీరే పంచి చూడండి, వాళ్ళకి 35, మనకి 37. ఇప్పుడు 48 వేలు వేసి చూడండి, పట్టిక లెక్కన చెరి 24, కానీ కథ అక్కడితో ఆగదు. 50 వేల కంటే పడిపోతే రెండు ప్రభుత్వాలు వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలి అన్న క్లాజు ఉంది, అప్పుడు ఎవరికెంత అన్న అంకె మాత్రం అందులో లేదు. గొడవలు పుట్టేది సరిగ్గా అక్కడే అని నా అనుమానం.

తర్వాత సంతకాల పేజీ చూడండి, ఎవరున్నారని కాదు, ఎవరు లేరని. మెకాంగ్ నది కోసం 1995లో పెట్టుకున్న కమిషన్‌లో లావోస్, థాయిలాండ్, కంబోడియా, వియత్నాం ఉన్నాయి, పైన డ్యాములు కట్టిన చైనా సభ్యదేశం కాదు, మాటామంతీకి వస్తుంది అంతే.

ఇక డ్యామ్ ఎవరిది, మునిగేది ఎవరి నేల? మనకిది బాగా తెలిసిన బాధే, వంశధార మీద నేరడి బ్యారేజీకి ఒడిశా వైపు కావాల్సింది 106 ఎకరాలు, దానికే ఇన్నేళ్ళు. ఆఫ్రికాలో సెనెగల్ నదికి ఉపనది బఫింగ్ మీద మనంతాలి డ్యామ్ ఉంది మాలీ గడ్డ మీద, కానీ ఓనర్లు మాలీ, సెనెగల్, మౌరిటానియా ముగ్గురూ, ఖర్చూ కరెంటూ పంచుకుంటారు. నాకైతే ఈ పద్ధతే నచ్చింది.

ఇవన్నీ అయ్యాక మాత్రమే శాతాలు చూడండి. మా చిన్నాన్నకి గంగా పట్టిక చూపిస్తే ఏప్రిల్ వరస మీద వేలు పెట్టి, "మనకీ ఇలా పదిరోజులకోసారి రాసిచ్చుంటే బాగుణ్ణు" అన్నాడు.