బస్తీ మీటింగ్ అందరిదీ కావాలంటే
మన హైదరాబాద్ బస్తీల్లో డ్రైనేజీ గురించి మీటింగ్ పెడితే తెలుగులోనే మాట్లాడేసి తీర్మానం రాసేస్తం, వెనక కూర్చున్న ఉర్దూ మాట్లాడే పెద్దామె సంతకం పెడ్తది గానీ అది ఆమె నిర్ణయం ఎట్లయితది చెప్పండి? ముందు నోటీసు రెండు భాషల్లో అతికించండి. ఒక్కో పాయింట్ అయినంక ఆగి ఉర్దూలో చెప్పించి, "ఆప్ క్యా బోల్తే ఖాలా?" అని అడిగి ఆమె మాట ఆమె చెప్పినట్టే రాయండి, చేతులెత్తించేది ఆ తర్వాతే. ఆ తీర్మానంతో ఆఫీసర్లకు అర్జీ ఏ భాషలో ఇయ్యాలో అని భయపడొద్దు, రాజ్యాంగం 350వ ఆర్టికల్ ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా ఇయ్యొచ్చు, పైగా 2017లో తెలంగాణ మొత్తానికి ఉర్దూ రెండో అధికార భాష అయింది. తెలుగులోనే రాసుకురమ్మంటే ఆ ఆర్టికల్ నంబర్ అర్జీ మీదే రాసి ఇయ్యండి, రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.