సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల నెబ్యులైజర్‌ను ఇంట్లో శుభ్రంగా ఉంచే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులు పెద్ద వైద్యానికి బరంపురమో విశాఖపట్నమో వెళ్లవలసి ఉంటుంది కనుక, ఆసుపత్రికి వెళ్లివచ్చిన తరువాత ఇంట్లో రోజూ జరిగే పని మీదే బిడ్డ ఊపిరితిత్తుల క్షేమం చాలావరకు ఆధారపడుతుంది.

ఈ జబ్బులో సి.ఎఫ్.టి.ఆర్. జన్యువులోని లోపం వల్ల శ్వాసనాళాల్లో కఫం చిక్కబడి కదలక నిలిచిపోతుంది. అందులో సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా చేరితే, మొదట విడివిడిగా ఉండి, కాలక్రమంలో గుంపులు కట్టి తన చుట్టూ జిగురు పొరను అల్లుకుంటుంది. కుండ లోపల పట్టే జారుడు పాచి వంటి ఈ పొరనే బయోఫిల్మ్ అంటారు. పొర గట్టిపడ్డాక మందులతో దానిని పూర్తిగా తొలగించడం చాలా కష్టం. అందుకే కల్చర్ పరీక్షలో (కఫంలోని క్రిములను ప్రయోగశాలలో పెంచి గుర్తించే పరీక్ష) ఈ క్రిమి తొలిసారి కనబడగానే వైద్యులు టోబ్రామైసిన్ వంటి యాంటీబయోటిక్ మందును, ద్రవాన్ని సన్నని తుంపరగా మార్చే నెబ్యులైజర్ యంత్రంతో, సాధారణంగా రోజుకు రెండుసార్లు, 28 రోజులపాటు పీల్పిస్తారు. దగ్గు తగ్గినట్లున్నా ఆ కోర్సును మధ్యలో ఆపకూడదు.

సూడోమోనాస్‌కు తడి ఇష్టం. మందు పీల్చిన ప్రతిసారీ నెబ్యులైజర్ కప్పు, మౌత్‌పీస్, మాస్కు విడదీసి, సబ్బునీటితో కడగాలి. తరువాత, తయారీదారు అనుమతించిన భాగాలను మరుగుతున్న నీటిలో 5 నిమిషాలు ఉంచి, చేతులు కడుక్కుని తీసి, శుభ్రమైన పొడి గుడ్డపై గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. మరిగించిన భాగాలను మళ్లీ కుళాయి నీటితోగాని, ఫిల్టరు నీటితోగాని కడిగితే చేసిన పని వృథా అవుతుంది. అవి సూక్ష్మజీవులు లేని నీళ్లు కావు. క్రిములను చంపడానికి వెనిగర్‌ను నమ్ముకోవద్దు. యంత్రం నుండి కప్పుకు గాలి తెచ్చే గొట్టాన్ని మాత్రం ఉడికించకూడదు. లోపల మంచుబిందువుల వంటి తేమ కనిపిస్తే, కప్పు తీసివేసి, యంత్రాన్ని కొన్ని నిమిషాలు ఉత్తగా నడిపితే అది ఆరిపోతుంది. వానాకాలంలో సామాను ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, కరెంటు కూడా పోతుంటుంది కనుక వైద్యుల సలహాతో రెండో కప్పు సెట్టు ఉంచుకోవడం మంచి ఖర్చు అని నా గట్టి అభిప్రాయం. తడిసామాను డబ్బాలో పెట్టి మూత వేయకండి.

మందుల వరుస కూడా ముఖ్యమే: సాధారణంగా శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు, ఆపై కఫాన్ని పలుచబరిచే ఉప్పు ద్రావణం, తరువాత ఛాతీ ఫిజియోథెరపీ, చివరగా యాంటీబయోటిక్. కఫం బయటికి వచ్చాకే యాంటీబయోటిక్ లోపలికి బాగా చేరుతుంది. మీ వైద్యులు వేరే వరుస చెబితే దానినే పాటించాలి.

బిడ్డ బాగున్నట్లు కనబడినా, సుమారు మూడు నెలలకొకసారి కఫం కల్చర్ చేయించాలి. నమూనాను ఇంటి నుండి బస్సులో మోసుకెళ్లడం కంటే ఆసుపత్రిలోనే ఇవ్వడం మేలు. ఆలస్యమైతే ఫలితం తప్పుగా రావచ్చు. కఫం ఉమ్మలేని చిన్నపిల్లలకు గొంతు నుండి స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) తీస్తారు. ఆసుపత్రిలో ఇదే జబ్బు ఉన్న మరో బిడ్డ కనబడితే, ఒకరి క్రిములు మరొకరికి సోకవచ్చు కనుక, కనీసం 2 మీటర్ల దూరంలో కూర్చోబెట్టండి.

దగ్గు పెరిగినా, కఫం రంగు మారినా, ఆకలి మందగించినా, బరువు తగ్గినా తరువాతి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వైద్యులకు ఫోన్ చేయాలి. కఫంలో రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.